మన బడికి హెడ్ మేడమ్ వచ్చారు

పర్లాకిమిడి, ఒడిశా
సెప్టెంబరు 7, ఆదివారం రాత్రి

ప్రియమైన మిత్రుడికి,

నీ ఉత్తరం అంది పదిహేను రోజులు దాటింది. కోపం తెచ్చుకోకు. ఈ రెండు వారాలూ దుకాణంలో జిరాక్స్ యంత్రం ముందు నిలబడడమే సరిపోయింది. ముందు నువ్వు అడిగినదానికి జవాబు చెబుతాను. "మన బడికి హెడ్మాస్టరు వచ్చారా?" అని రాశావు. వచ్చారు! హెడ్మాస్టరు కాదు, హెడ్ మేడమ్. ఈ ఒక్క మాట నీకు రాయాలని నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నాను కాబట్టి ఈ ఉత్తరం పొడుగ్గా ఉంటుంది. తీరిగ్గా కూర్చుని చదువు.

మన పాత హెడ్మాస్టరు గారు పదవీ విరమణ చేసిన రోజు సాయంత్రం ఆయన కుర్చీ మీద ఎవరో ఒక తువాలు కప్పారు, దుమ్ము పడకుండా. నాలుగేళ్లు ఆ తువాలు అలాగే ఉంది. ఇన్‌చార్జి బాధ్యత లెక్కల మాస్టారికి ఇచ్చారు. ఆయన ఆ కుర్చీలో ఒక్కరోజు కూడా కూర్చోలేదు, పక్కన స్టూలు వేసుకున్నారు. "ఇది నాది కాదు, కాపలా కాస్తున్నాను" అనేవారు. పొద్దున్నే గుడ్లు లెక్కపెట్టాలి, గ్యాస్ బండ చూడాలి, వంటమనిషి రాకపోతే ఇంకొకరిని వెతకాలి, హాజరు పంపాలి, ఆన్‌లైన్‌లో ఫారాలు నింపాలి. బడికి ప్రింటరు లేదు కదా, నా దుకాణానికే పరుగెత్తుకు వచ్చేవారు. ఆయన వెళ్లాక చూస్తే యంత్రం అద్దం మీద సుద్దపొడి వేలిముద్రలు ఉండేవి. అంటే నల్లబల్ల మీద లెక్క సగంలో వదిలేసి వచ్చారన్నమాట. అవతల ఏడో తరగతి పిల్లలు ఆ సగం లెక్క వైపు చూస్తూ కూర్చుని ఉంటారు. ఆ వేలిముద్రలు తుడుస్తుంటే ప్రతిసారీ నాకు గుండె కలుక్కుమనేది, ఎందుకంటే అందులో మా అమ్మాయి కూడా ఉంది.

మాస్టారిని నేను ఏనాడూ తప్పు పట్టలేదు. విద్యాహక్కు చట్టంలోనే రాసి ఉంది, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వందకు మించితే పూర్తికాలం ప్రధానోపాధ్యాయుడు ఉండాలని. మన బడి ఆ లెక్క ఎప్పుడో దాటింది. ఐదో తరగతి వరకే ఉన్న బడికైతే నూట యాభై మంది దాటితేనే ఆ పోస్టు. మన చుట్టుపక్కల కొండ ఊళ్ల బడులకు ఆ ఆశే లేదు, ఉన్న ఇద్దరు ఉపాధ్యాయుల్లో ఒకరు ఎప్పుడూ కాగితాల మీదే ఉంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు మన బడి వెనక గది రేకులు ఎగిరిపోయాయని నీకు అప్పట్లోనే రాశాను. పాత హెడ్మాస్టరు గారు మరమ్మతు మొదలుపెట్టించి సగంలో రిటైరయ్యారు. మిగతా సగానికి "పూర్తిస్థాయి హెడ్మాస్టరు వచ్చాక చూద్దాం" అన్నారు. ఇన్‌చార్జి మనిషికి పెద్ద ఖర్చు మీద సంతకం పెట్టాలంటే భయం. రేపు ఎవరైనా అడిగితే ఆయనే జవాబు చెప్పుకోవాలి. అలా నాలుగు వానాకాలాలు ఆ గది తడిసింది.

ఎందుకు ఆలస్యమైందని నువ్వు అడుగుతావు. సీనియారిటీ జాబితా వచ్చింది, దాని మీద అభ్యంతరాలు వచ్చాయి, మళ్లీ జాబితా వచ్చింది. ఒకరికి ఉత్తర్వు వస్తే ఆయన చేరనే లేదు. ఇంకొకరు పేరుకు చేరి, ఆ కుర్చీలో కూర్చోకుండానే నెల తిరగకముందే బదిలీ చేయించుకుని వెళ్లిపోయారు. సరిహద్దు ఊరు, బడిలో మూడు భాషలు, అద్దెకు మంచి ఇల్లు దొరకదు. వాళ్ల ఇబ్బంది వాళ్లది. కానీ పిల్లలకు ఆ సంవత్సరాలు మళ్లీ రావు కదరా.

మీ అమెరికా పద్ధతి గురించి రాసినది మా బడి యాజమాన్య సంఘం సమావేశంలో చదివి వినిపించాను. మీ స్కూల్ డిస్ట్రిక్టుకు జనం ఓట్లేసి ఎన్నుకున్న బోర్డు ఉంటుందని, సూపరింటెండెంటును ఆ బోర్డే నియమిస్తుందని, మీ పిల్లల బడికి ప్రిన్సిపాల్ కావలసి వచ్చినప్పుడు ఎలాంటి మనిషి కావాలో చెప్పమని తల్లిదండ్రులకు ప్రశ్నలు పంపారని రాశావు చూడు, అది విని అందరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. మన దగ్గర పాఠశాల యాజమాన్య సంఘంలో నూటికి డెబ్బై ఐదు మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. చట్టం అంత మంచి మాట చెప్పింది. కానీ ఎవరు వస్తారన్నది మాత్రం ఉత్తర్వు చేతికి వచ్చాకే తెలుస్తుంది. అక్కడ మాకు నోరు లేదు. అయినా ఊరుకోలేదు, ఒక అర్జీ రాశాం. "మా ఊరి పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కాబట్టి తెలుగు తెలిసిన హెడ్మాస్టరును పంపండి" అని. మాతృభాషలో ప్రాథమిక విద్య అందేలా చూడాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతుందని కూడా రాశాను. నా చేతులతోనే టైపు చేశాను, నూట ఇరవై సంతకాలు పెట్టించాను.

జూలైలో మేడమ్ వచ్చారు. కొరాపుట్ జిల్లా నుంచి. ఇంటి భాష ఒడియా. తెలుగు రాదు.

దాచకుండా చెబుతున్నాను, ఆ రోజు నాకు చాలా నిరాశ కలిగింది. ఇన్నేళ్లు ఎదురుచూసింది ఇందుకా అనుకున్నాను. మేడమ్ వచ్చీ రాగానే ఆ తువాలు తీసి, మడిచి, తడిపి, కుర్చీ తుడిచి, కూర్చున్నారు. ఆ సాయంత్రమే లెక్కల మాస్టారి చేతిలోంచి తాళాల గుత్తి తీసుకుని, "రేపటి నుంచి మీరు లెక్కలు మాత్రమే చెప్పండి" అన్నారట. మాస్టారు మా దుకాణానికి వచ్చి ఆ మాట చెబుతుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మనసు మారడం అక్కడే మొదలైంది.

ఇక అసలు సంగతి. వారం తరువాత నేను రేకుల విషయమై బడికి వెళ్లాను. ప్రార్థన అయిపోయింది, పిల్లలు వరుసగా తరగతుల్లోకి వెళుతున్నారు. ఒకటో తరగతి పిల్లవాడొకడు దారిలో ఆగి నీళ్ల గుంటలోకి చూస్తున్నాడు. మేడమ్ నవ్వుతూ "చాలొ, చాలొ" అన్నారు, నడవమని. వాడు నడక ఆపేశాడు. మళ్లీ కాస్త గట్టిగా "చాలొ" అన్నారు. వాడు బిక్కమొహం వేసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంకోసారి అనేసరికి ఏడుపు. అప్పుడు ఒకటో తరగతి టీచరు పరుగున వచ్చి వాణ్ని ఎత్తుకుని, "మేడమ్, తెలుగులో చాలు అంటే ఇక ఆపు అని అర్థం. మీరు ఆపమంటున్నారనే వాడు ఆగాడు" అని చెప్పారు.

మేడమ్ మొహం చూడాలి నువ్వు! ఒక్క క్షణం ఏమీ అనలేదు. తరువాత మెల్లగా అడిగారు, "ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయి?"

ఆ టీచరు తన సంచిలోంచి ఒక పొడుగాటి నోటుబుక్కు తీశారు. అట్ట చిరిగి, అంచులు నలిగి ఉంది. ప్రతి పేజీలో స్కేలుతో గీసిన మూడు గడులు. ఒక గడిలో ఒడియా మాట, పక్కన తెలుగు, ఆ పక్కన మన కొండ ఊళ్ల సవర గిరిజనుల మాట. పిల్లలు తడబడిన ప్రతి మాటా రాసి ఉంది. ఒక పేజీ నేనే చదివాను. తొలకరి వానలకు పొలంలో కనిపించే ఎర్రటి మెత్తటి ఆరుద్ర పురుగు ఉంటుంది చూడు, ఒడియాలో దాన్ని "సాధొబొ బొహు" అంటారు, అంటే వర్తకుడి కోడలు అని. పక్కనే ఎవరో పిల్లవాడు ఎర్ర పెన్సిలుతో ఆ పురుగు బొమ్మ వేశాడు. ఆ టీచరు మూడేళ్లుగా ఆ నోటుబుక్కు రాస్తున్నారు! యాజమాన్య సంఘంలో ఉన్న నాకే తెలియలేదు. హెడ్మాస్టరు లేని బడిలో ఒక ఉపాధ్యాయురాలు ఎంత గొప్ప పని చేసినా తలుపు తీసి లోపలికి చూసేవారు ఎవరుంటారు? కుర్చీ ఖాళీగా ఉంటే కాగితాలు ఆగిపోతాయనే ఇన్నాళ్లూ అనుకున్నాను. పని చేసేవాళ్లను చూసే కళ్లు కూడా లేకుండా పోయాయని ఆ రోజు తెలిసింది.

నిన్ను ఇంకా ఆశ్చర్యపరిచే మాట చెబుతాను. ఆ టీచరు సవర అమ్మాయి. గుమ్మా వైపు కొండ ఊరు. తెలుగు ఆమె పుస్తకంలో నేర్చుకున్నది కాదు. చిన్నప్పుడు తల్లితో చింతపండు, చీపుళ్లు అమ్మడానికి సంతకు దిగి వచ్చి, మన వాళ్ల నోటి నుంచి విని నేర్చుకున్నది.

నాకు వెంటనే గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొచ్చారు. నీకూ గుర్తొచ్చే ఉంటారు. 1880లో మన పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరిన మనిషి, సవరల భాష నేర్చుకోవడానికి రెండు భాషలూ తెలిసిన ఒకరిని ఇంట్లోనే పెట్టుకున్నారు. సవరలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో వాళ్లకు బడులు పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే నాకొద్దు, ఆ డబ్బుతో బడి పెట్టండి అన్నారని మన మాస్టార్లు చెప్పేవారు కదా. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఒక తెలుగు ఉపాధ్యాయుడు సవర పిల్లల కోసం వాళ్ల మాట నేర్చుకున్న ఈ చోటే, ఇన్నేళ్ల తరువాత ఒక సవర ఉపాధ్యాయురాలు తెలుగు పిల్లల కోసం మన మాట రాసుకుంటోంది. మా అర్జీలో తెలుగు, ఒడియా అని రాశాం గానీ, సవర అన్న మాటే రాయలేదు. ఆ రాత్రి ఆ అర్జీ ప్రతి తీసి మళ్లీ చదువుకున్నాను. సిగ్గనిపించింది. 2007లో ఒడిశా ప్రభుత్వం గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు వాటిలో సవర కూడా ఉందని నాకు తెలియక కాదు.

సరే, ఇక ఒక అవార్డు కథ. మేడమ్ ఆ నోటుబుక్కు ఇంటికి తీసుకెళ్లి రాత్రంతా చదివారట. మర్నాడు టీచరును రాష్ట్ర ఉపాధ్యాయ అవార్డుకు దరఖాస్తు చేయమన్నారు. ఆమె ససేమిరా అన్నారు. జాతీయ అవార్డు కూడా 2018 నుంచి అంతే కదా, ఉపాధ్యాయులే తమ పేరు తాము పంపుకోవాలి. ఎవరి గొప్ప వాళ్లు రాసుకోవాలి, ఫోటోలు పెట్టాలి. నిజంగా పని చేసేవాళ్లకు అదే చేతకాదు. నాకు ఈ పద్ధతి నచ్చదు. కనీసం రాయడానికి ఒకరు తోడుండాలి. మేడమ్ ఉన్నారు. రెండు సాయంత్రాలు నా దుకాణంలో కూర్చుని, టీచరును అడిగి అడిగి మాటలు రాబట్టారు. నేను టైపు చేశాను, నోటుబుక్కు పేజీలన్నీ స్కాన్ చేశాను. మా ఆవిడ ముగ్గురికీ ఉప్మా పంపింది. మధ్యలో టీచరు ఇక వద్దంటే, మేడమ్ షోలాపూర్ జిల్లా పరితేవాడి బడిలో పనిచేసిన రంజిత్‌సింహ్ డిసలే గారి సంగతి చెప్పారు. అక్కడి పిల్లల ఇంటి భాష కన్నడ, పుస్తకాలు వేరే భాషలో ఉంటే ఆయన వాటిని పిల్లల భాషలోకి మార్చుకున్నారు. 2020లో పది లక్షల డాలర్ల గ్లోబల్ టీచర్ ప్రైజ్ వస్తే, అందులో సగం తనతోపాటు చివరి వరకు పోటీలో ఉన్న తొమ్మిది మందికీ పంచారు. "ఆయనదీ సరిహద్దు జిల్లా బడే" అన్నారు మేడమ్. టీచరు ఇంకేమీ అనలేదు.

రాష్ట్ర అవార్డు రాలేదు. నాకు బాధగానే ఉంది. కానీ మొన్న 5వ తేదీన గురుపూజా దినోత్సవానికి మన బడి ఆవరణలోనే సంఘం తరఫున ఆమెకు శాలువా కప్పాం. వాళ్లమ్మ కొండ దిగి వచ్చి ముందు వరుసలో కూర్చుంది. ఒడియాలో, తెలుగులో ఒకరి తరువాత ఒకరు మాట్లాడుతుంటే ఆవిడ తల వంచుకుని చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ ఉంది. టీచరు మైకు దగ్గరికి వెళ్లి మొదటి మాట సవరలో అన్నారు. ఆవిడ చటుక్కున తలెత్తింది. వెనక నుంచి సవర పిల్లలు ఒక్కసారిగా జవాబు చెప్పారు. ఆమె ఏమన్నారో నాకు అర్థం కాలేదు. అయినా ఆ చప్పట్లలో నా చప్పట్లే గట్టిగా మోగాయి.

వెనక గదికి రేకులు పడుతున్నాయి, కాగితం మీద మేడమ్ సంతకం పడింది. మన ఊరి తెలుగు పండితుడి పోస్టు మాత్రం ఇంకా ఖాళీయే, దాని కోసం మళ్లీ అర్జీ రాస్తున్నాం. ఈసారి మూడు భాషల్లో. నువ్వు కూడా ఒక ఉత్తరం పంపు, ఈ బడి పూర్వ విద్యార్థిగా.

ఇంకొక పని. నోటుబుక్కులో ఒక తెలుగు గడి ఖాళీగా ఉంది. కళ్లంలో నూర్పిడి అయ్యాక చివరగా మట్టితో కలిసి మిగిలే గింజలకు మీ నాయనమ్మ ఒక మాట అనేది. చాటలో పోసి చెరుగుతూ మనల్ని పిలిచేది, గుర్తుందా? మా అమ్మను అడిగాను, తెలియదంది. మీ అమ్మగారికి ఫోన్ చేసి అడుగు. టీచరు సోమవారం అడుగుతారు నన్ను.

చెల్లెమ్మకు, పిల్లలకు ఆశీస్సులు.

నీ
జిరాక్స్ దుకాణం మిత్రుడు