బీపీ తక్కువని మాత్ర మానొద్దు

తిరుపతి,
ఆదివారం

ఒరే మురళీ,

నీ ఉత్తరం అందింది. బీపీ 94/60 చూపించిందని సాయంత్రం మాత్రలు ఎగ్గొట్టానని రాశావే, ముందు ఆ పని మానుకో. తిట్లు ఇంతటితో సరి.

గుండె బలహీనపడినందుకు (హార్ట్ ఫెయిల్యూర్) నీ చీటీలో రాసిన కార్వెడిలాల్, సాక్యుబిట్రిల్-వల్సార్టాన్, స్పైరనోలాక్టోన్, టార్సెమైడ్ (నీళ్ళ మాత్ర) నాలుగూ బీపీని ఎంతోకొంత దించేవే. గుండె మీద బరువు తగ్గించాలంటే రక్తనాళాలు వదులవ్వాలి, ఒంట్లో ఎక్కువైన నీరు పోవాలి. అప్పుడు అంకె దిగడం మామూలే. పై అంకె 90కీ 100కీ మధ్య ఉన్నా మనిషి తలతిప్పు లేకుండా తిరుగుతా ఉంటే, గుండె డాక్టర్లు చాలాసార్లు మాత్రల జోలికి పోరు. కార్వెడిలాల్ లాంటివి ఉన్నట్టుండి ఆపితేనే ముప్పు: దడ, ఛాతీ నొప్పి తిరగబెట్టొచ్చు.

కాబట్టి నీకు బీపీ నిజంగా ఎప్పుడు పడిపోతా ఉందో ముందు తేల్చు. మణికట్టు మిషన్ పక్కన పెట్టి, దండచేతికి కట్టేది వాడు. 5 నిమిషాలు పడుకొని ఒకసారి చూడు. తర్వాత లేచి నిలబడి 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకు ఇంకోసారి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడితే, నిలబడ్డప్పుడు బీపీ జారిపోతా ఉందని అర్థం. చెయ్యి కిందికి వేలాడేస్తే అంకె లేనిది ఎక్కువ చూపిస్తుంది, అందుకని గుండె ఎత్తులో బల్ల మీదో, అలమర అంచు మీదో ఆనించు. వదినను పక్కనే నిలబడమను. మాత్రలకు ముందు, వేసుకున్నాక 2 గంటలకు, వారం రోజులు ఇట్లా రాసిపెట్టు. టైము, అంకెలు, నాడి, తల తిరిగిందా లేదా, ఇవి చాలు.

ఆ కాగితం చూస్తే చాలామందికి బయటపడేది ఒకటే: పొద్దున్నే గుప్పెడు మాత్రలు ఒక్క గుక్కలో మింగడం. అన్నీ ఒకేసారి పనిచేసి, 10, 11 గంటలకల్లా మనిషిని కూలేస్తాయి. వాటిని రెండేసి గంటల ఎడంగా విడగొట్టొచ్చా అని డాక్టర్ని అడుగు. కార్వెడిలాల్ మాత్రం ఉత్త కడుపుతో వద్దు; తిండితో వేసుకుంటే నెమ్మదిగా ఒంటబడుతుంది, లేచినప్పుడు తూలడం తగ్గుతుంది. ప్రోస్టేట్ కోసం ఇంకో డాక్టరిచ్చిన టామ్సులోసిన్ గురించి గుండె డాక్టరుకు చెప్పావా? అది కూడా బీపీని దించుతుంది. పాత బీపీ మాత్ర రామిప్రిల్ స్ట్రిప్పు ఇంట్లో మిగిలుంటే పారెయ్యి. ఇప్పుడు వాడే సాక్యుబిట్రిల్-వల్సార్టాన్‌కూ దానికీ కనీసం 36 గంటల ఎడం లేకపోతే మొహం, గొంతు వాచే ప్రమాదం ఉంది.

ఇక ఊరి వైద్యం. లో బీపీ అనగానే ‘ఆవకాయ నాకు, ఉప్పు మజ్జిగ తాగు, రోజుకో టెంకాయ నీళ్ళు కొట్టించు’ అంటారు. నీలాంటి గుండెకు ఉప్పు పడితే నీరు పట్టేస్తుంది, కాళ్ళు ఉబ్బుతాయి, రాత్రి ఆయాసం వస్తుంది. టెంకాయ నీళ్ళలో పొటాషియం ఎక్కువ. స్పైరనోలాక్టోన్, సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ రెండూ పొటాషియాన్ని ఒంట్లోనే నిలుపుతాయి కాబట్టి అది పెరిగితే గుండె లయే తప్పుతుంది. ‘లో సోడియం’ ఉప్పులోనూ అదే కథ, సోడియం బదులు పొటాషియం కలుపుతారు. ఆరోగ్యానికి మంచిదని కొనేవు, వద్దబ్బా.

మన ఎండలు ఇంకో తంటా. మే నెలలో చెమటతో పోయేది పోతానే ఉంటుంది, టార్సెమైడ్ తన పని తాను చేస్తానే ఉంటుంది. రోజూ పొద్దున ఒంటికి పోయొచ్చి, ఏమీ తినకముందు బరువు చూడు. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే నీరు పట్టినట్టు. అట్లే దిగిపోయి నోరెండి తల తిరిగితే నీరు చాలనట్టు. రెండిట్లోనూ ఫోన్ చెయ్యి, డోసు వాళ్ళే మారుస్తారు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం మరుసటి డోసుకు ముందే అడుగు, నీళ్ళ మాత్రతో బాటు ఇంకొన్ని ఒకట్రెండు రోజులు ఆపమనొచ్చు.

లేవడంలో ఓపిక నేర్చుకో. మంచం అంచున ఒక నిమిషం కూర్చొని, పాదాలు పైకీ కిందికీ ఆడించి, పిడికిళ్ళు బిగించి, అప్పుడు లెయ్యి. రాత్రి ఒంటికి కూర్చొనే పో. నిలబడి పోస్తా పడిపోయే మగోళ్ళు చాలామంది. కళ్ళు బైర్లు కమ్మితే కాళ్ళు కత్తెరగా వేసి తొడలు బిగించు, తగ్గకపోతే అక్కడే కూర్చో, సిగ్గుపడొద్దు. మధ్యాహ్నం పెద్ద సంగటి ముద్ద తిన్నాక గంట, రెండు గంటలు రక్తం పొట్టకు మళ్ళి బీపీ జారుతుంది. ముద్ద సగం చేసి, మిగతాది సాయంత్రానికి పెట్టుకో.

కొండకు నడిచి వస్తానంటివి. అలిపిరి నుంచి 3550 మెట్లు. గుండె జబ్బున్నోళ్ళు ఎక్కొద్దని దేవస్థానమే చెబుతుంది. బస్సులో రా. క్యూలో గంటలకొద్దీ నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగిపోతుంది, మడమలు ఎత్తుతా దించుతా ఉండు. దర్శనమయ్యే దాకా తినననీ, మాత్ర వేసుకోననీ మొక్కుకోవద్దు. కళ్యాణకట్టలో తల వంచి కూర్చున్నాక దిగ్గున లేవకు, చాలామంది తూలేది అక్కడే.

స్పృహ తప్పినా, చల్లటి చెమటతో ఛాతీ నొప్పొచ్చినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా 108కి చెయ్యి. విరేచనం తారులా నల్లగా పోతే అదే రోజు ఆస్పత్రికి పో. ఆస్పిరిన్ వాడేవాళ్ళకు కడుపులో రక్తం కారి కూడా బీపీ పడిపోతుంది.

ఈసారి చూపించుకోడానికి చిత్తూరులో పోతావో, ఇక్కడి స్విమ్స్ ఆస్పత్రికే వస్తావో, రాసిన కాగితం, మాత్రల స్ట్రిప్పులన్నీ, నీ మిషన్ కూడా సంచిలో వేసుకో. వాళ్ళ మిషన్‌తో సరిపోల్చమను. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది), పొటాషియం పరీక్ష ఎప్పుడు చేయించాలో అడిగి రా.

వదినకు నమస్కారాలు చెప్పు.

నీ
శేఖర్