ఫోను ఎత్తని కంపెనీకి ఒక రైతు ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: జీపులో అమర్చడానికి కొన్న బోటు ఇంజను గురించి నాలుగు నెలలుగా మీ వాళ్లు సమాధానం ఇవ్వకపోవడం.

ఆర్యా,

నేను దామలచెరువు దగ్గర మామిడి రైతును. మా నాన్నగారి కాలంలో బావి మీద నడిచిన డీజిల్ ఇంజను మీ కంపెనీదే. ఆయన తర్వాత నేను కొన్న రెండూ మీవే. ఆ నమ్మకంతోనే మా పాత జీపుకు వేయించడానికి మీ చెన్నై శాఖలో రీకండిషన్ చేసిన బోటు ఇంజను తీసుకున్నాను. జీపుకని ముందే చెప్పాను. బయటి నీటితో చల్లబడే ఇంజను కనుక రేడియేటరు పెట్టించాలని, నీళ్లు పారే ఎగ్జాస్ట్ మానిఫోల్డు (ఇంజను పొగను బయటికి తీసుకుపోయే గొట్టం) తీసి మామూలుది వేయించాలని మీ సేల్స్ ఉద్యోగి చెప్పారు. అన్నీ చేయించాను.

ఆయన చెప్పనిది ఒక్కటే. రెండు ఇంజన్ల బోటు ఒక పక్కకు లాగకుండా ప్రొపెల్లర్లు ఎదురెదురు దిక్కుల్లో తిరగాలి. అందుకని కొన్ని జతల్లో ఒక ఇంజనును ఎదురు దిక్కున తిరిగేటట్టే తయారు చేస్తారు. మీరు నాకు పంపింది అది. రేణిగుంట రోడ్డు షెడ్డులో మెకానిక్ వాల్వు కవరు విప్పి, పుల్లీ నట్టుకు స్పానరు పెట్టి మెల్లగా తిప్పుతుంటే పక్కనే నిలబడి చూశాను. జీపు ఇంజను తిరిగే వైపు తిప్పితే గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వు మూసుకున్న వెంటనే, పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటోంది, మధ్యలో లోపల మండడానికి సమయమే లేదు. ఎదురు వైపు తిప్పితేనే వరుస సరిగ్గా వస్తోంది. దీన్ని బిగిస్తే ముందుకు పోవడానికి మాకు రివర్స్ గేరు ఒక్కటే మిగులుతుంది.

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, అందుకు నాకు కోపం లేదు. మీ కస్టమర్ కేర్‌లో మొదట మాట్లాడిన అమ్మాయి బోటు రిజిస్ట్రేషన్ నంబరు లేనిదే ఫిర్యాదు నమోదు కాదన్నది. నాకు బోటు లేదమ్మా అని మూడుసార్లు చెప్పాను. రెండో వారంలో ఒకాయన ఫొటోలు అడిగారు, పంపాను. మూడో వారంలో ఇంకొకాయన మళ్లీ మొదటి నుంచి అవే అడిగారు. ఆ తర్వాత, ఫోను నా చేతిలో ఉండగానే, "కస్టమర్ అందుబాటులో లేరు, ఫిర్యాదు ముగించాము" అని మెసేజ్ వచ్చింది. ఆ రోజు నాకు ఒక్క కాల్ కూడా రాలేదు. చివరికి తెల్లవారుజామున తిరుపతిలో బస్సెక్కి చెన్నై వచ్చి, మీ ఆఫీసు వరండాలో మధ్యాహ్నం మూడున్నర దాకా కూర్చున్నాను. మేనేజరు గారు మీటింగులో ఉన్నారని చెప్పి పంపించేశారు. ఇంత పెద్ద ఆఫీసులో నన్ను మనిషిగా చూసి మంచినీళ్లిచ్చింది వాచ్‌మన్ ఒక్కడే. ముప్పై ఏళ్ల ఖాతాదారుకు మీరిచ్చే మర్యాద ఇదేనా అని అడుగుతున్నాను.

ఈలోగా తోతాపురి కోతలు అయిపోయాయి. కాయలు మండీకి చేర్చడానికి బాడుగ బండ్లకే డబ్బు పోసుకున్నాను.

ఇంజను మార్చి ఇస్తారో, డబ్బు వాపసు చేస్తారో మీరే తేల్చండి. ముందు బాధ్యత గల అధికారి ఒకరు నాతో మాట్లాడాలి. మార్చి ఇచ్చేటట్లయితే ఇంజను నంబరు ఉన్న బిల్లు కూడా కావాలి, ఎందుకంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఇంజను మార్పును ఆర్టీవో ఆఫీసులో చూపించాలి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే వేసే హక్కు నాకుంది కనుక, ఈసారి చెన్నై నుంచి మీరే రావాల్సి ఉంటుంది.

ఇట్లు,
దామలచెరువు మామిడి రైతు