రస్సెల్ క్రైస్ట్ చర్చి, సమాధుల తోట సంరక్షణకు విరాళాల విజ్ఞప్తి

న్యూజిలాండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, ఇక్కడికి యాత్రగా వచ్చి వెళ్ళిన బంధుమిత్రులకు, సంరక్షణ కమిటీ తరఫున క్రీస్తు నామమున వందనములు.

బే ఆఫ్ ఐలాండ్స్ చూడడానికి వెళ్ళి, పైహియాలో పడవ ఎక్కి రస్సెల్‌లో దిగినవారు తెల్లటి చెక్క గోడలతో, చుట్టూ సమాధులతో ఉన్న ఈ చిన్న మందిరాన్ని చూసే ఉంటారు. 1835లో కట్టిన ఈ మందిరం న్యూజిలాండ్‌లో నేటికీ నిలిచి ఉన్న చర్చిలన్నిటిలోకీ పాతది. అప్పట్లో రస్సెల్‌కు ఉన్న కొరొరారెకా అనే పేరుతో, తిమింగలాల వేట నావికులతో, సారా దుకాణాలతో కిక్కిరిసి ఉండిన ఆ రేవులో మందిరం కట్టడానికి ఊళ్ళో ఉన్నవారితో పాటు దారిన పోయే ఓడలవారూ చందాలు వేశారు. ఆ డిసెంబరులో బీగిల్ నౌకలో వచ్చిన చార్లెస్ డార్విన్ కూడా చందా ఇచ్చారు. ఆయన ఈ దేశంలో ఉన్నది పది రోజుల లోపే. కనుక ఊరివారు కానివారిని, విశ్వాసులు కానివారిని కూడా చేయి చాచి అడగడానికి మేము మొహమాటపడడం లేదు.

1840 జనవరి 30న, ఇక్కడికి లెఫ్టినెంట్ గవర్నరుగా వచ్చిన నౌకాదళ అధికారి హాబ్సన్ బ్రిటిష్ రాణి తరఫున తన ప్రకటనలను చదివి వినిపించింది ఈ మందిరంలోనే. 1845 మార్చి 11న, బ్రిటిష్ పాలనను ఎదిరించిన మావోరీ నాయకుడు హోనే హెకె, ఆయన మిత్రులు ఊరిమీద దాడి చేసినప్పుడు చుట్టుపక్కల పోరు సాగింది. గోడ పలకల్లో ఆనాటి తూటాల రంధ్రాలు ఈనాటికీ వేలు పెట్టి చూడగలిగేలా ఉన్నాయి. ఆ రోజు చనిపోయిన బ్రిటిష్ యుద్ధనౌక హజార్డ్ నావికులు ఈ ఆవరణలోనే నిద్రిస్తున్నారు. ఆ యుద్ధంలో హెకెకు ఎదురు నిలిచి, 1871లో కన్నుమూసిన మావోరీ నాయకుడు తామతి వాకా నేనే సమాధి కూడా ఇక్కడే ఉంది.

సముద్రపు ఉప్పుగాలి చెక్కను నిదానంగా తినేస్తుంది. అందుకే రంగు ఎప్పటికప్పుడు వేయవలసిందే, చివికిన పలకను చివికినంత మేరకే కోసి అదే రకం చెక్కతో అతకవలసిందే. తూటా రంధ్రాలున్న పలకల జోలికి మాత్రం పోకూడదు. సమాధి రాళ్ళను ఇనుప బ్రష్షుతో రుద్దితే నాచుతో పాటు అక్షరాలూ పోతాయి కాబట్టి మెత్తటి కుంచెతో, మంచినీళ్ళతో ఓపికగా కడగాలి. ఇటువంటి పనికి సామాను ఖర్చుకంటే నేర్పరి చేతుల కూలే ఎక్కువ.

దాతల పేర్లతో పాలరాతి ఫలకం పెట్టడం మన ఊళ్ళలో ఆనవాయితీయే అయినా, ఆ చెక్క గోడలకు అది నప్పదు. పేర్లు పుస్తకంలో నమోదు చేసి, ప్రతి విరాళానికీ రసీదు ఇస్తాము. మీ కానుక మందిరానికా, సమాధుల తోటకా అన్నది పంపేటప్పుడే తెలియజేయండి. తెలియజేయనివన్నీ సమాధుల తోటకే జమ చేస్తాము, దాని కోసం అడిగేవారు తక్కువ కనుక.