క్రీడల పేజీలో ‘సేవ్’లకూ చోటివ్వండి

సంపాదకులకు,

అమెరికాలో మా అల్లుడు నడిపే, డబ్బు పందెం లేని ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో నాదీ ఒక జట్టు. అసలు ఆటగాళ్లను ఎంచుకుని ఊహా జట్టు కట్టుకుంటాం; మైదానంలో వాళ్ల ఆటను బట్టే మా స్థానాలు. అక్కడి రాత్రి ఆటలు మనకు తెల్లవారుజామున; పాలవాడు రాకముందే ఫోనులో స్కోరు చూస్తాను. మూడు పరుగులకు మించని ఆధిక్యాన్ని చివరి ఇన్నింగ్స్‌లో కాపాడిన రిలీఫ్ పిచ్చర్‌కు, అంటే ఆట మధ్యలో బంతి వేయడానికి వచ్చిన ఆటగాడికి, సాధారణంగా దక్కేది సేవ్. 1969 నుంచి అది అధికారిక లెక్క.

అలాంటి పిచ్చర్ రెండు రాత్రులు తడబడితే చాలు, మా లీగ్ కుర్రాళ్లు తమ జట్టు నుంచి తీసిపారేస్తారు. అదేం తొందరో! మర్నాడే పక్క జట్టు ఎగరేసుకుపోతుంది. బంతి వేగం తగ్గనంతవరకు నేను బెంచీ మీద ఉంచుకుంటాను. వాక్‌లు (నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కు ఊరికే దక్కే మొదటి బేస్) పెరిగితే మాత్రం మొహమాటపడను. లీగ్ ఆఖరి వారాల్లో ఒక్క సేవ్ స్థానాలనే తారుమారు చేస్తుంది.

మీ క్రీడల పేజీలో ఈ లెక్కకు నాలుగు పంక్తులు కేటాయించండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సాయినగర్, అనంతపురం