మిగిలిన 11 మాత్రలు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో వానాకాలం జబ్బులు, రోగ నిరోధక శక్తి గురించి వచ్చిన వ్యాసం చదివాను. జింక్ కోసం గుమ్మడి గింజలు, జీడిపప్పు, బాదం తినమన్నారు. తప్పు లేదు. అయితే 31 ఏళ్లు ఏఎన్‌ఎంగా తిరిగిన ఊళ్లలో గుమ్మడికాయ పులుసు పెట్టుకుని గింజలు పారేసే ఇళ్లే చూశాను గాని, వాటిని ఎండబెట్టి తినే ఇల్లు నాకు ఒక్కటీ తగల్లేదు. ఇక బాదం ధర మీకు తెలియనిది కాదు. జింక్ నిజంగా కావలసిన, విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఆ మాత్రలు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది. అది గూటి దాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది. ఆ సంగతి రాయాలనే ఈ ఉత్తరం.

మొన్న మా వీధి చివర ఇంటికి వెళ్లాను. ఏడాదిన్నర పిల్లవాడికి నీళ్ల విరేచనాలు పట్టుకుని తగ్గాయి. గూట్లో క్యాలెండర్ వెనక ఆశా కార్యకర్త ఇచ్చిన జింక్ మాత్రల షీటు ఉంది. మొత్తం 14 గుంటలు, 3 ఖాళీ, 11 నిండుగా ఉన్నాయి. "విరేచనాలు ఆగిపోయాయి కదా పెద్దమ్మా, ఇంకెందుకని నిన్నటి నుంచి మానేశాను" అంది తల్లి. దాని పై అరలోనే పిల్లవాడి తాతగారి డబ్బా ఉంది. అవీ జింక్ మాత్రలే, ఒక్కోటి 50 మిల్లీగ్రాములు. కరోనా రోజుల్లో మొదలుపెట్టి, బలానికి మంచిదని నేటికీ రోజూ ఒకటి మింగుతున్నారు. మానకూడనివాడు మానేశాడు, మానవలసినాయన మానలేదు.

జింక్ మాత్ర విరేచనాలు కట్టడానికి ఇచ్చే మందని ఊరంతా అనుకుంటుంది. అందుకే అవి ఆగిన రోజునే మాత్రా ఆగిపోతుంది. విరేచనాలతో పాటు ఒంట్లో జింక్ కూడా పోతుంది. ఇనుమును కాలేయం దాచినట్టు జింక్‌ను దాచే కొట్టు మన శరీరంలో లేదు, ఏ రోజుది ఆ రోజు అందాలి. దెబ్బతిన్న పేగు లోపలి పొర మళ్లీ అల్లుకోవాలన్నా, క్రిములతో పోరాడే తెల్లకణాలు తయారవాలన్నా జింక్ కావాలి. పూర్తిగా వేస్తే తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్లీ విరేచనాలు వచ్చే అవకాశం తగ్గుతుంది. ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ 10 నుంచి 14 రోజులు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లోనే చెప్పాయి. మన దేశంలో 14 రోజులు.

వేసే పద్ధతీ చెబుతాను. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు ఒక మాత్ర, 20 మిల్లీగ్రాములు. చెంచాలో మాత్ర పెట్టి కాచి చల్లార్చిన నీళ్లు పోస్తే, వేలితో నలపకుండానే అంచుల నుంచి విచ్చుకుని అర నిమిషంలో తెల్లటి పాలలా అవుతుంది. రెండు నుంచి ఆరు నెలల పసివాళ్లకు సగం మాత్ర, తల్లిపాలలో. ఇనుప రుచి తగిలి బిడ్డ ఉమ్మేస్తాడు. అప్పుడు తల్లులు జాలిపడి మానేస్తారు. నేనైతే కాసేపాగి మళ్లీ పట్టమనేదాన్ని.

జింక్ సంగతి మా రైతులకు చెప్పనక్కరలేదు. వరి ఆకు మీద తుప్పు మచ్చలు రాగానే గుర్తుపడతారు. దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేటు వేస్తారు. దాన్ని డీఏపీ ఎరువుతో కలిపి చల్లరు, అందులోని భాస్వరం జింక్‌ను పట్టేసి మొక్కకు అందనివ్వదని తెలుసు. కడుపులోనూ అదే తంతు. గింజ తన భాస్వరాన్ని ఫైటేట్ రూపంలో దాచుకుంటుంది, అది జింక్‌ను బిగించి పేగుకు చిక్కనివ్వదు. పప్పు నానబెట్టినా, మొలకెత్తించినా, పిండి పులియబెట్టినా ఆ పట్టు సడలుతుంది. మన ఇడ్లీపిండి, మొలకల రాగిజావ ఊరికే పుట్టలేదు. మాంసం, గుడ్డులో ఆ బెడద లేదు. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ జింక్ ఎక్కువుండే డీఆర్ఆర్ ధాన్ 45 రకాన్ని 2016లో విడుదల చేసింది. బాపట్ల సాంబమసూరి మరిగిన మా నోళ్లు దానికి ఎప్పుడు అలవాటు పడతాయో!

మనిషికి జింక్ లోపం ఉంటుందని మొదట పట్టుకున్నది మన బీహార్‌లోని బక్సర్‌లో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్. 1958లో ఇరాన్‌లోని షిరాజ్‌లో ఆయన దగ్గరికి 21 ఏళ్ల యువకుడు వచ్చాడు. చూడటానికి పదేళ్లవాడిలా ఉన్నాడు. తినేది రొట్టె, దానికి తోడు మట్టి. తర్వాత ఈజిప్టులో అలాంటి వాళ్లకే జింక్ ఇస్తే ఎత్తు పెరిగారు. ఈ కథ విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. మట్టి తినే పిల్లలకు నులిపురుగుల మాత్ర వేసి, తల్లిని నాలుగు కేకలేసి వచ్చేసిన ఇళ్లు ఎన్నో!

తాతగారితో నాకు వాదనైంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మగవారికి రోజుకు 17 మిల్లీగ్రాముల జింక్ చాలు, అదీ తిండితో కలిపి. 40 దాటకూడదు. ఏళ్ల తరబడి ఎక్కువ మింగితే పేగు రాగిని లోపలికి పోనివ్వదు. రాగి తగ్గితే నెత్తురు తగ్గుతుంది, తెల్లకణాలూ తగ్గుతాయి. అంటే ఏ శక్తి కోసం మింగుతున్నారో దానికే ఎసరు. "అన్నేళ్లు ఉద్యోగం చేశావు, మంచి మందును చెడ్డదంటావేమమ్మా" అన్నారాయన. డాక్టరును అడిగి రండి అని మాత్రం ఒప్పించగలిగాను. పిల్లవాడి తల్లి ఆ సాయంత్రమే నాలుగో గుంట నొక్కింది.

షీటు మీద అక్షరాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. దానితో పాటు 14 గడులు గీసిన తెలుగు చీటీ ఒకటి ఇచ్చి, రోజుకో గడి కొట్టేయమంటే తల్లులకు లెక్క తప్పదు. ఆరోగ్య శాఖ ఆ పని చేసేలోగా, మీ ఆరోగ్య పేజీలో ఓ మూల ఆ 14 గడులు అచ్చు వేయండి. కత్తిరించి మా వీధిలో చంటిపిల్లలున్న ఇళ్లలో క్యాలెండర్ పక్కన నేనే అంటించి వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్‌ఎం,
తెనాలి మండలం, గుంటూరు జిల్లా
(తాతగారు మీ చందాదారులే, నా పేరు వేయవద్దు.)