చిట్టికి, అమ్మ రాసే ఉత్తరం

చిట్టీ,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానమ్మా" అని పండుకి ఇచ్చేస్తున్నావు. వాడు రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తాడు. ఉగాది నుంచీ ఇదే వరస. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా ఒక్కదానివే కూర్చుని చదువుకో.

ఇక్కడ అంతా మామూలే. నాన్నగారి షుగరు అదుపులోనే ఉంది. పెరట్లో కొత్తపల్లి కొబ్బరి మామిడి ఈసారి బాగా కాసింది, మాగాయ కూడా పెట్టాను. చిన్నత్త వచ్చి ఉండి వెళ్ళింది. తను మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నువ్వు పండు గదిలోనే పడుకున్నావట, ఇంటర్ పరీక్షలని చెప్పావట. పరీక్షలు మార్చిలోనే అయిపోయాయి కదమ్మా. చిన్నత్త మాటల్లో సగం తీసెయ్యాలని నాకూ తెలుసు. ఆ మిగిలిన సగమే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

నేనేమీ అడగడం లేదు. నీ సంసారం నీది. మోటారు మళ్ళీ పాడైంది, నాన్నగారు మెకానిక్కు కోసం తిరుగుతున్నారు. నువ్వు లెట్రోజోల్ రోజూ వేసుకుంటున్నావా? ఆ మాత్ర ఒంట్లో ఇంకా కాస్త తయారయ్యే ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌ని కూడా దాదాపు ఆపేస్తుంది. అందుకే క్యాన్సర్ మళ్ళీ రాకుండా కాపాడుతుంది, అందుకే యోని లోపల ఎండిపోయి మంట కూడా పెడుతుంది. ఆ మంట భరించలేక డాక్టరుకి చెప్పకుండా మాత్ర మానేసేవాళ్ళు ఉంటారు. నా భయం అదే.

దొడ్డమ్మ సంగతి నీకు సగమే తెలుసు. తెల్లబట్ట అవుతోందని వెళితే, క్యాన్సర్ అవుతుందని భయపెట్టి గర్భసంచి, అండాశయాలు అన్నీ తీసేశారు. అప్పటికి దానికి ముప్పై నాలుగేళ్ళు. మన దగ్గర ఇది ఎంత మామూలంటే, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో దేశం మొత్తమ్మీద నూటికి 3 మందికి గర్భసంచి తీసేసి ఉంటే, ఆంధ్రాలో దాదాపు 9 మందికి తీసేశారు. ఏఎన్ఎం నర్సుగా తిరిగిన ప్రతి ఊళ్ళోనూ నేను కళ్ళారా చూసిందే ఇది. ఇక దొడ్డమ్మకి ఆ చోట మంట మొదలైంది. ఇన్‌ఫెక్షన్ అనుకుని రోజూ డెట్టాల్ నీళ్ళతో కడుక్కునేది. మంట ఇంకా పెరిగింది. బావగారు దగ్గరికొస్తే నోములని, శనివారమని, చివరికి నడుము నొప్పికి నేలే హాయని చాప తెచ్చుకుని హాల్లో పడుకునేది. ఆయన మొదట కోప్పడ్డారు, తర్వాత మాటలే తగ్గించేశారు. ఇద్దరూ మంచివాళ్ళే. అట్లా ఏళ్ళు గడిచిపోయాయి. మాటిమాటికీ మూత్రంలో మంట వస్తుంటే గుంటూరులో ఒక లేడీ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆవిడ పరీక్ష చేసి, ఈస్ట్రోజెన్ లేక లోపలి చర్మం పల్చబడిందనీ, కాల్లో రక్తం గడ్డకట్టిన మనిషి కాబట్టి హార్మోన్ల జోలికి వెళ్ళననీ చెప్పి, డెట్టాల్ మాన్పించి, ఒక మాయిశ్చరైజర్ జెల్ రాసిచ్చింది. రెండు మూడు నెలల్లో దొడ్డమ్మ మనిషి తేలికపడింది. "ఇన్నాళ్ళూ నా మనసే చెడిందనుకున్నానే" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

నీకు క్లాసు పీకాలని కాదు. కానీ విను. ఒంట్లో ఆవిర్లు కొన్నేళ్ళకి తగ్గుతాయి కానీ, ఈ పొడితనం దానంతటదే తగ్గదు, ఊరుకుంటే పెరుగుతుంది. వజైనల్ మాయిశ్చరైజర్ అని వేరే ఉంటుంది, తేమ పట్టి ఉంచే హయలురోనిక్ యాసిడ్ ఉన్నవి కూడా దొరుకుతాయి. మొహానికి క్రీము రాసుకున్నట్టు, కలయికతో సంబంధం లేకుండా వారానికి రెండు మూడు సార్లు రాత్రిపూట పెట్టుకోవాలి, కొన్ని వారాలు ఓపిక పట్టాలి. లూబ్రికెంట్ వేరు, అది కలయిక సమయంలో ఒరిపిడి లేకుండా రాసుకునేది. నీళ్ళతో చేసినవి త్వరగా ఆరిపోతాయి, సిలికాన్‌వి ఎక్కువసేపు ఉంటాయి. సువాసనలు, వేడెక్కించేవి, గ్లిజరిన్ ఎక్కువున్నవి వద్దు, మంట పెంచుతాయి. వాజలిన్ లోపల రాయకు. లోపల సబ్బు పెట్టకు, బయట మామూలు నీళ్ళు చాలు.

ఒకసారి నొప్పి తెలిశాక కండరాలు ముందే బిగుసుకుంటాయి. నువ్వు కావాలని చేసేది కాదది. ఆ కండరాలు వదులు చేయించే ఫిజియోథెరపీ ఉంది, హైదరాబాదులో చేసేవాళ్ళు దొరుకుతారు. అప్పటికీ నొప్పి ఉంటే మొద్దుబార్చే జెల్లు, మెల్లగా వదులు చేసే డైలేటర్లు ఉన్నాయి, అవి మాత్రం డాక్టరు చెబితేనే. లోపల లేజర్ చేయిస్తే పడుచుతనం వస్తుందనే ప్రకటనలు నమ్మకు. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను చూసే ఎఫ్‌డీఏ 2018లోనే వాటి మీద హెచ్చరిక చేసింది. సరోజ పిన్ని పంపిన శతావరి లేహ్యం కూడా నీ క్యాన్సర్ డాక్టరుని అడగకుండా ముట్టుకోకు. రక్తం చుక్క కనిపించినా అదే పొడితనం అనుకోకుండా వెంటనే చూపించుకో.

అల్లుడు గారికి చెప్పావా? ఆపరేషన్ నాడు ఆసుపత్రి వరండాలో ఆయన ఎలా కూర్చున్నారో నేను చూశాను. నువ్వు చెప్పకపోతే ఆయన తనకి తోచిందేదో అనుకుంటారు. మంటగా ఉన్న రోజు వద్దని చెప్పు, పక్కన పడుకోవడానికీ దానికీ ముడి పెట్టకు. తొందరలేని స్పర్శ కూడా దాంపత్యమే. ఇంతకంటే ఎక్కువ అమ్మ రాయకూడదేమో, కానీ నీకింకెవరు చెబుతారు?

చెకప్‌కి వెళ్ళినప్పుడు సిగ్గుపడకుండా ఈ మాటే మొదట అడుగు. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వు. ఒక్కదానివే వెళ్ళాలంటే నేను బయలుదేరి వస్తాను, నాన్నగారికి వంట చిన్నత్త చూసుకుంటుంది. లెట్రోజోల్‌తో ఎముకలు కూడా బలహీనపడతాయి, కాల్షియం, డి విటమిన్ మర్చిపోతున్నావేమో, మాత్రల డబ్బా ఫోటో తీసి పంపు. రోజూ కాసేపు ఎండలో నడువు, లిఫ్టు దగ్గర చేసే నడక నడక కాదు.

అమ్మ