తీర పరిరక్షణ దళం కోసం వినతిపత్రం: సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1976లో చట్టం చేసి, యువతకు జీతమిచ్చి ప్రకృతి పరిరక్షణ పనులు చేయించే దళాన్ని ఏర్పాటు చేసింది. అటువంటి చట్టం మన తీరానికీ కావాలని శాసనసభ్యులకు ఇవ్వబోయే వినతిపత్రంలో, కొత్తపట్నం వైపు మడ మొక్కలు నాటడంతో సరిపెట్టకుండా, ఆటుపోట్ల నీరు వచ్చిపోయేలా చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పూడిక చేరినప్పుడల్లా తీయడానికి కూడా ఏటా కూలి సొమ్ము కేటాయించాలన్న షరతు తప్పనిసరిగా ఉండాలని నా అభిప్రాయం. నీరు కదలని చోట ఉప్పు పేరుకుని మొక్క మాడిపోతుంది. నాటిన రోజు ఫొటోలు మాత్రం బాగానే వస్తాయి. కృష్ణా, గోదావరి మడ అడవుల్లో ఈ కాలువల పద్ధతి ఇప్పటికే అమలైంది. అలాగే ఈ దళంలో, తీరంలో సముద్ర తాబేళ్లు పెట్టే గుడ్ల కాపలాకు మత్స్యకార కుటుంబాల యువతనే తీసుకోవాలి. సవరణలుంటే ఆదివారంలోపు ఇక్కడే తెలియజేయగలరు.